చెరువు నీళ్ళు మనమే టెస్ట్ చేసుకోవడం ఎలా

బెంగళూరులో మారతహళ్ళి, బెళ్ళందూరు వైపు ఉండే మనవాళ్ళు పక్కన చెరువు ఉంటే ఇది తప్పకుండా నేర్చుకోండి, పెద్ద ల్యాబ్ ఏం అక్కర్లేదు, ఆక్సిజన్, పీహెచ్ (నీళ్ళు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత), అమోనియా టెస్ట్ కిట్లు, ఒక థర్మామీటర్, గ్లవ్స్ చాలు.

అన్నిటికంటే ముఖ్యం టైమ్. సూర్యుడు రాకముందే వెళ్ళండి, ఎందుకంటే పగలంతా నాచు ఆక్సిజన్ వదుల్తుంది, రాత్రి అదే నాచు పీల్చేసుకుంటుంది, అందుకే మధ్యాహ్నం చూస్తే రీడింగ్ బ్రహ్మాండంగా ఉంటుంది కానీ చేపలు చచ్చేది తెల్లవారుజామునే. ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకన్నా తగ్గిందంటే కంగారు పడాల్సిందే.

బాటిల్‌ని అదే నీళ్ళతో మూడుసార్లు కడిగి, పైన తెట్టు రాకుండా మోచెయ్యి లోతులో ముంచి, బుడగ లేకుండా నీళ్ళలోనే మూత పెట్టండి, ఆక్సిజన్ కిట్ మందు గట్టు మీదే కలిపేయాలి, ఇంటికి తెచ్చి చేస్తే లెక్క తప్పుతుంది.

పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉంటే ఓకే. అమోనియా ఒక్కటే చూసి వదిలేయకండి, పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అదే అమోనియా చేపలకి ఇంకా విషం అవుతుంది, మూడూ కలిపి రాసుకోండి.

నీళ్ళు వచ్చే కాలువ దగ్గర, బయటికి పోయే తూము దగ్గర రెండు చోట్లా తీయండి, కాలువ దగ్గరే చెడ్డగా ఉంటే డ్రైనేజీ కలుస్తోందని అనుమానించాలి. డేట్, టైమ్, ఫోటోతో కర్ణాటక పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకి కంప్లైంట్ పెట్టండి, నెలనెలా రీడింగులు ఉంటే మాట గట్టిగా నిలబడుతుంది.