వెబ్‌సైట్ చేయించే ముందు ఒక కాగితం తీయండి

వరంగల్ కొత్తవాడలో జంపఖానాల షాపుకైనా, హన్మకొండలో టిఫిన్ సెంటర్‌కైనా వెబ్‌సైట్ చేయిస్తున్నారా? డిజైనర్‌ని కలిసే ముందు, కస్టమర్లు రోజూ ఫోన్ చేసి ఏం అడుగుతారో కాగితం మీద రాసుకోండి. రేటెంత, ఏ సైజులున్నాయి, ఆదివారం తెరుస్తారా... మొదటి పేజీలో పైన ఉండాల్సినవి అవే. కదిలే బ్యానర్లు, ఓనర్ ఫొటో తర్వాత చూసుకోవచ్చు (లేకపోయినా నష్టమేం లేదు).

ఫోన్ నంబర్‌ని బొమ్మలో కలిపేయకండి, నొక్కగానే కాల్ వెళ్లేలా పెట్టించండి. బటన్లు 48 పిక్సెళ్లకు తగ్గకుండా ఉంటే బొటనవేలితో నొక్కడం తేలిక. లేత బూడిద అక్షరాలు వద్దు, మన ఎండలో ఫోన్ మీద అవి కనిపించవు. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్ ప్రమాణం.

అంతా అయ్యాక ఇంట్లో పెద్దవాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి, రేటెంతో చూసి చెప్పమనండి. మీరు మాత్రం పక్కనుంచి సాయం చేయొద్దు. వాళ్ల వేలు ఎక్కడ ఆగిపోతే అక్కడ మార్పించండి.