డిఫెన్స్ బడ్జెట్‌ని పార్లమెంట్‌లో మనమే ఫాలో అవ్వడం ఎలా

బడ్జెట్ రోజు టీవీలో రక్షణ శాఖకి ఇన్ని లక్షల కోట్లు అని ఒక లైన్ స్క్రోల్ అవుతుంది, చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఆ డబ్బు ఎవరు మంజూరు చేస్తున్నారు, తర్వాత ఎవరు లెక్క అడుగుతున్నారు, అందులో మన ఎంపీ ఏం చేశారు అనేది ఫోన్‌లోనే చూసుకోవచ్చు, కాగితాలు చాలావరకు పబ్లిక్‌గానే ఉంటాయి. గ్రూప్స్‌కి చదివేవాళ్ళకి, ఇంట్లో ఎవరైనా మిలట్రీలో ఉన్నవాళ్ళకి, అసలు పన్ను కట్టే ఎవరికైనా ఇది పనికొస్తుందని రాస్తున్నా.

ముందు పార్లమెంట్ చేతిలో ఏముందో, ఏం లేదో క్లియర్‌గా తెలుసుకోవాలి, లేకపోతే తప్పు చోట వెతుకుతాం. ఆర్టికల్ 53 ప్రకారం సైన్యానికి సుప్రీం కమాండర్ రాష్ట్రపతే, కానీ ఆ అధికారం చట్టానికి లోబడి ఉండాలని అదే ఆర్టికల్ చెప్తుంది. నడిపేది కేబినెట్, ఆ కేబినెట్ ఆర్టికల్ 75 ప్రకారం లోక్‌సభకి జవాబు చెప్పాలి. సైనికుడి డ్యూటీ, శిక్షలు, కోర్ట్ మార్షల్ అన్నీ పార్లమెంట్ చేసిన చట్టాల్లోంచే వస్తాయి, ఆర్మీ చట్టం, ఎయిర్ ఫోర్స్ చట్టం 1950వి, నేవీ చట్టం 1957ది. ఇక చేతిలో లేనివి చూస్తే, యుద్ధానికి వెళ్ళడానికి ముందుగా సభ ఓటు అక్కర్లేదు, ఫలానా విమానం కొనాలా వద్దా అనేది కూడా సభకి రాదు, పెద్ద కొనుగోళ్ళు భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీలో తేలిపోతాయి. కుర్రాళ్ళని నాలుగేళ్ళకి సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం సంగతే చూడండి, 2022 జూన్ 14న ప్రకటించారు, బిల్లు లేదు, దానికి వ్యతిరేకంగా ఆందోళనలు రేగి జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడి ప్రాణం పోయింది, పార్లమెంట్ సమావేశాలు మొదలైంది జులై 18న. లక్షలాది కుర్రాళ్ళ జీవితాన్ని మార్చే నిర్ణయం ముందు సభలో చర్చకి రావాల్సిందని నేను గట్టిగా నమ్ముతా.

అంటే పార్లమెంట్‌కి నిజంగా పట్టు ఉన్నది డబ్బు మీద, ప్రశ్న మీద. ఆ రెండిటినే ఫాలో అవ్వాలి.

డబ్బుతో మొదలుపెడదాం. ఇండియాబడ్జెట్ సైట్‌కి వెళ్ళి డిమాండ్స్ ఫర్ గ్రాంట్స్ తెరవండి, అంటే ఒక్కో శాఖ తన ఖర్చుకి లోక్‌సభని అడిగే డబ్బు పద్దులు, రక్షణ శాఖవి నాలుగు ఉంటాయి, 2025-26లో అవి 19 నుంచి 22 నంబర్లు. ఆ ఏడాది మొత్తం 6,81,210 కోట్లు. ఈ ఒక్క అంకె చూసి ఆగిపోవద్దు, విడగొట్టి చూడండి. జీతాలు, ఇంధనం, రిపేర్లు, మందుగుండు లాంటి రెవెన్యూ ఖర్చు 3,11,732 కోట్లు, పెన్షన్లు 1,60,795 కోట్లు, శాఖ సివిల్ ఖర్చు 28,682 కోట్లు, కొత్త ఆయుధాలు, ఓడలు, విమానాలు కొనే క్యాపిటల్ 1,80,000 కోట్లు. బడ్జెట్ పెంచారు అని ఎవరైనా అంటే ఏది పెరిగిందో అడగండి, పెన్షన్ పెరగడం వేరు, క్యాపిటల్ పెరగడం వేరు.

తర్వాత పక్క కాలమ్‌లో ఉండే సవరించిన అంచనా, అంటే ఏడాది మధ్యలో మార్చిన లెక్క, చూడండి. 2024-25లో క్యాపిటల్‌కి మొదట 1,72,000 కోట్లు పెట్టారు, సవరించేసరికి అది 1,59,500 కోట్లయింది. పన్నెండున్నర వేల కోట్లు తగ్గింది, దీని మీద టీవీలో ఒక్క డిబేట్ అయినా మీకు గుర్తుందా? మార్చి 31 దాటితే ఖర్చు కాని డబ్బు మురిగిపోతుంది కాబట్టి మురిగిపోని ఫండ్ ఒకటి పెట్టమని రక్షణ శాఖని చూసే ఎంపీల స్టాండింగ్ కమిటీ చాలాసార్లు చెప్పింది, 15వ ఆర్థిక సంఘం కూడా 2021-26కి అలాంటి ఫండ్ సిఫార్సు చేసింది.

ఇప్పుడు అసలైన చోటు. డిఫెన్స్ స్టాండింగ్ కమిటీ. 31 మంది ఎంపీలు, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి, మంత్రులు ఉండకూడదు. బడ్జెట్ పెట్టాక సభకి మధ్యలో విరామం ఇస్తారు కదా, ఆ టైమ్‌లో వీళ్ళు శాఖ అధికారుల్ని, త్రివిధ దళాల పెద్దల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు. తలుపులు మూసే జరుగుతుంది కానీ రిపోర్ట్ పార్లమెంట్ వాళ్ళ సంసద్ సైట్‌లో పెడతారు. చదివేటప్పుడు వెనక నుంచి చదవండి, రెండో భాగంలో సిఫార్సులుంటాయి, అవి చూసి మొదటి భాగానికి వస్తే ఏ టేబుల్ దేనికోసమో అర్థమవుతుంది. దళం ఎంత అడిగింది, ఎంత ఇచ్చారు, ఎంత ఖర్చయింది అనే టేబుల్ కచ్చితంగా వెతకండి, నా దృష్టిలో రిపోర్ట్ మొత్తంలో అంతకన్నా ముఖ్యమైన పేజీ లేదు. మధ్యలో చుక్కల గుర్తులతో ఖాళీలు కనిపిస్తే కంగారుపడొద్దు, సెన్సిటివ్ వివరాలు తీసేసిన చోట్లు అవి.

ఈ రిపోర్టుల్లో ఎంత నిజం బయటికొస్తుందో 2018 మార్చిది చూస్తే తెలుస్తుంది. అప్పటి ఆర్మీ వైస్ చీఫ్ లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ కమిటీ ముందు చెప్పిన లెక్క ఇది, మా దగ్గరున్న సామగ్రిలో 68 శాతం పాతకాలపుది, 24 శాతం ఇప్పటి తరానిది, 8 శాతమే లేటెస్ట్. ఆధునికీకరణకి ఇచ్చింది 21,338 కోట్లు, ముందే ఒప్పుకున్న కొనుగోళ్ళకి ఆ ఏడాది కట్టాల్సిందే 29,033 కోట్లు. జీతం మొత్తం పాత ఈఎంఐలకే చాలని ఇంటి పరిస్థితి అన్నమాట, కొత్త వస్తువు ఊసే లేదు. కమిటీ ఛైర్మన్ బి.సి. ఖండూరి, రిటైర్డ్ మేజర్ జనరల్, పైగా అధికార పార్టీ ఎంపీయే. రిపోర్ట్ మార్చి 13న సభకి వచ్చింది, మర్నాడే లోక్‌సభ గొడవల మధ్య అన్ని శాఖల డిమాండ్లనీ చర్చ లేకుండా ఒకేసారి పాస్ చేసేసింది. దీన్నే గిలెటిన్ అంటారు. 2023 మార్చిలో కూడా అన్ని డిమాండ్లూ ఇలాగే పాసయ్యాయి. సైన్యం మీద నిజంగా ప్రేమ ఉన్న ఎంపీ అలాంటి రోజున రక్షణ శాఖ డిమాండ్ మీద చర్చ పెట్టండి అని పట్టుబట్టాలి, కోత తీర్మానం (అడిగిన డబ్బు తగ్గించమనే తీర్మానం) నోటీసు ఇవ్వాలి, మీ ఎంపీ ఇచ్చారా అని అడగండి.

సైన్యం విషయంలో ప్రశ్నలేంటి అనేవాళ్ళకి 1962 గుర్తుచేయండి. చైనాతో యుద్ధం నడుస్తుండగానే వాజ్‌పేయి సమావేశాలు ముందుకు జరపమని అడిగారు, నెహ్రూ ఒప్పుకున్నారు, నవంబర్ 8న సభ కూర్చుంది, రహస్య సమావేశం పెడదామంటే నెహ్రూ వద్దన్నారు. బహిరంగంగానే చర్చించారు.

ఖర్చయ్యాక లెక్క చూసేది కాగ్, అంటే ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే రాజ్యాంగ సంస్థ. 2017 జులైలో వచ్చిన కాగ్ రిపోర్ట్‌లో 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా చాలవని రాశారు. ఈ రిపోర్టుల్ని పబ్లిక్ అకౌంట్స్ కమిటీ తీసుకుంటుంది, 22 మంది సభ్యులు, 1967 నుంచి ఛైర్మన్ ప్రతిపక్షం నుంచే వస్తున్నారు. డిఫెన్స్ మీద కాగ్ ఇచ్చే రిపోర్టులు అన్నీ సైట్‌లో దొరకవు, దొరక్కపోతే ఆ టైమ్ పేపర్లలో పార్లమెంట్ వార్తలు వెతకండి.

ఇక ప్రశ్న. ఇది మీరు నేరుగా చేయించగలిగే పని. ఎంపీ ప్రశ్న ఇవ్వాలంటే పదిహేను రోజుల ముందు నోటీసు ఉండాలి కాబట్టి సమావేశాల తేదీలు ప్రకటించగానే రాయండి. దళాలు ఎక్కడున్నాయి, ఎన్ని క్షిపణులున్నాయి అని అడిగిస్తే జాతీయ భద్రత అని ఒక్క ముక్కలో తిప్పి పంపేస్తారు, అదీ న్యాయమే. డబ్బు, తేదీ, ఉత్తర్వు, ఉద్యోగ ఖాళీలు, పెన్షన్ పెండింగ్ లాంటివి అడగాలి. ఉదాహరణకి సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో (సైన్యం ఉండే ప్రాంతం) మూసిన రోడ్ల గురించయితే ఇలా రాసివ్వొచ్చు: ఏ ఏ రోడ్లు మూశారు, ఏ తేదీన, ఏ ఉత్తర్వు మీద, కంటోన్మెంట్స్ చట్టం 2006 సెక్షన్ 258 ప్రకారం ప్రజలకి నోటీసు ఇచ్చి అభ్యంతరాలు తీసుకున్నారా, తీసుకుంటే వాటి మీద నిర్ణయమేంటి. ఇలా అడిగితే తప్పించుకోవడం కష్టం, రోడ్లు ఎందుకు మూశారు అని ఊరికే అడిగితే భద్రతా కారణాలు అని ముగించేస్తారు.

నక్షత్రం గుర్తున్న ప్రశ్నకి మంత్రి సభలో నోటితో చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు, కానీ లోక్‌సభలో రోజుకి ఇరవయ్యే ఉంటాయి. గుర్తు లేనివి అక్కడ 230 దాకా వస్తాయి, రాతపూర్వక జవాబు, అదే మనకి ఎక్కువ పనికొస్తుంది ఎందుకంటే కాగితం మీద ఉంటుంది. జవాబు అదే రోజు సంసద్ సైట్‌లో పెడతారు, శాఖ పేరుతో వెతికి సేవ్ చేసుకోండి. అందులో సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం అని ఉంటే అది సభకి ఇచ్చిన హామీ కిందకి వస్తుంది, మూడు నెలల్లో తీర్చాలి, దాని కోసమే ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. క్యాలెండర్‌లో మూడు నెలల తర్వాతి తేదీ పెట్టుకుని, ఆ రోజుకి రాకపోతే ప్రశ్న నంబర్, తేదీ వేసి ఆ హామీ ఏమైందని మీ ఎంపీకి మళ్ళీ రాయండి.