కొత్త చక్రాలు వేశాక బండి మొరాయిస్తోందా? ముందు ఎక్కడ తగులుతోందో చూడండి

ఆఫ్‌రోడ్ ట్రక్కుకు పెద్ద టైర్లు, వెడల్పాటి రిమ్ములు వేయించిన వారానికే ఫిర్యాదులు మొదలవుతాయి. మలుపులో రాసుకుంటోందని ఒకరు, వేగం పెంచితే వణుకుతోందని ఇంకొకరు. చాలామంది వెంటనే బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ కోసం వెతుకుతారు. నేను చూసినంతలో తప్పు టైరు ఎత్తులో ఉండేది తక్కువ. రిమ్ము వెనకవైపు అచ్చులో పడిన ఒక చిన్న అంకెలో ఉండేదే ఎక్కువ. దాని పేరు ఆఫ్‌సెట్: రిమ్ము నడిమధ్య నుంచి అది బండికి ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు జరిగి ఉందో చెప్పే అంకె.

స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు రాసుకుంటోంది

శబ్దం ఒకటే అయినా కారణాలు రెండు. టైరు లోపలి అంచుకూ బయటి అంచుకూ మందంగా సుద్ద పూసి, స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతూ నెమ్మదిగా పది మీటర్లు నడపండి. సుద్ద ఎటువైపు చెరిగిందో చూస్తే సగం పని అయిపోయినట్టే.

లోపలి అంచున చెరిగితే టైరు సస్పెన్షన్ ఆర్మ్‌కో (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేయి), యాంటీ రోల్ బార్‌కో (మలుపుల్లో బండి వాలకుండా ఆపే కడ్డీ) తగులుతోంది. అంటే చక్రం బండి లోపలికి ఎక్కువగా చొచ్చుకుని ఉంది. బయటి అంచున చెరిగితే బంపర్ మూలకో, చక్రం వెనకనున్న ప్లాస్టిక్ లైనర్‌కో, దాని వెనక క్యాబిన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే బాడీ మౌంట్‌కో తగులుతోంది. ఎక్కువమందిని ఏడిపించేది ఈ రెండోదే.

లెక్క చూడండి. రిమ్ము సరిగ్గా నడిమధ్యన హబ్బుకు, అంటే చక్రం బిగించే ఇరుసు చివరి భాగానికి, ఆనితే ఆఫ్‌సెట్ సున్నా. ఆనే ముఖం బయటివైపుకు జరిగితే ప్లస్. అప్పుడు చక్రం లోపలికి పోతుంది. మైనస్ అయితే బయటికి పొడుచుకు వస్తుంది. కంపెనీ రిమ్ము ఏడున్నర అంగుళాల వెడల్పు, ప్లస్ 30 ఆఫ్‌సెట్ అనుకుందాం. దాని బదులు తొమ్మిది అంగుళాల వెడల్పు, సున్నా ఆఫ్‌సెట్ ఉన్నది వేశారు. వెడల్పు వల్ల ఒక్కో పక్కకు 19 మిల్లీమీటర్లు, ఆఫ్‌సెట్ వల్ల మరో 30. మొత్తం 49 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అయిదు సెంటీమీటర్లు రిమ్ము బయటికి వచ్చింది. లోపలివైపు మాత్రం 11 మిల్లీమీటర్ల ఖాళీ కొత్తగా దొరికింది. నిలబడి చూస్తే బండి దర్జాగానే ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు ఆ బయటి అంచు మునుపటికంటే పెద్ద వంపు తిరుగుతుంది. బాడీ మౌంట్ ఆ వంపులోనే ఉంటుంది కాబట్టి బండి ఎత్తు పెంచినా ఈ తగులుడు పూర్తిగా పోదు.

పరిష్కారాలను ఈ వరసలో ప్రయత్నించండి. రిమ్ములు ఇంకా కొనకపోతే కంపెనీ ఆఫ్‌సెట్‌కు దగ్గరగా ఉన్నవే తీసుకోండి. ఇప్పటికే కొని ఉంటే ప్లాస్టిక్ లైనర్‌ను వేడి చేసి వెనక్కి వంచండి, అవసరమైతే కాస్త కత్తిరించండి. తర్వాత అలైన్‌మెంట్‌లో క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే, స్టీరింగ్‌తో చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) పెంచి చక్రాన్ని కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరపవచ్చు. ఆ కొన్నే చాలాసార్లు సరిపోతాయి. బాడీ మౌంట్ మూల కోసి, మళ్లీ పలక వెల్డింగ్ చేయించడం చివరి దారి.

చదునైన నేల మీద తగల్లేదని సంబరపడకండి. ముందు చక్రం ఒకటి ర్యాంపు మీదో బండరాయి మీదో ఎక్కించి, సస్పెన్షన్ పూర్తిగా అణిగేలా చూసి, స్టీరింగ్ రెండు వైపులా తిప్పండి. కనబడని చోట లైనర్‌కు మెత్తటి బంకమట్టి ముద్ద అతికించండి. టైరు నొక్కాక మిగిలిన మట్టి మందమే మీకున్న ఖాళీ.

వేగంలో వణుకు

గంటకు 80 దాటాక స్టీరింగ్ వణికితే అందరూ బ్యాలెన్సింగ్‌కు పరుగెడతారు. బురదలో తిరిగి వచ్చిన బండయితే ముందు రిమ్ము లోపలివైపు చేయి పెట్టి చూడండి. ఒక మిత్రుడు రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాడు. ప్రతిసారీ సరిపోయేది, ప్రతి ప్రయాణం తర్వాతా మళ్లీ మొదలయ్యేది. తీరా చూస్తే రిమ్ము లోపలి గాడిలో పిడికెడు ఎండిన మట్టి! నీళ్లతో కడిగితే వణుకు పోయింది.

మట్టి కాకపోతే రిమ్ము నడుమ రంధ్రం కొలవండి. బోల్టుల అమరిక కలిసినంత మాత్రాన రిమ్ము సరిపోయినట్టు కాదు. టయోటా హైలక్స్, ఫోర్డ్ రేంజర్ రెండింటిలోనూ ఆరు స్టడ్లు (నట్లు ఎక్కే మర కడ్డీలు) 139.7 మిల్లీమీటర్ల వృత్తంలోనే ఉండే మోడళ్లున్నాయి. కానీ హబ్బు వ్యాసం ఒకదానిలో 106.1, ఇంకొకదానిలో 93.1. రేంజర్ రిమ్ము హైలక్స్ హబ్బు మీదికి ఎక్కదు. హైలక్స్ రిమ్ము రేంజర్‌కు ఎక్కుతుంది గానీ 13 మిల్లీమీటర్లు వదులుగా ఉంటుంది. ఆ సందును హబ్ రింగుతో పూడ్చాలి. బిగించే తీరు కూడా ముఖ్యం: చక్రం గాలిలో ఉండగానే నట్లన్నీ చేత్తో తిప్పి, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తూ రావాలి. బండిని దించాకే టార్క్ రెంచి, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే రెంచి, వాడాలి.

నట్లు వదులవుతున్నాయి

దీన్ని రేపటికి వాయిదా వేయకండి. కారణం సాధారణంగా నట్టు అడుగుభాగపు ఆకారం. కొన్ని కంపెనీ అల్లాయ్ రిమ్ములకు వాషర్ ఉన్న చదును నట్లు వస్తాయి. బయట దొరికే రిమ్ముల్లో ఎక్కువ వాటికి 60 డిగ్రీల శంకువు ఆకారపు నట్లు కావాలి. పాత నట్లే వాడితే అవి అంచున మాత్రమే ఆనుతాయి. బిగుసుకున్నట్టే అనిపిస్తాయి, తర్వాత వదులవుతాయి. సరైన నట్లు తెచ్చి, బండి పుస్తకంలో ఉన్న టార్క్‌కు బిగించి, 80 నుంచి 100 కిలోమీటర్లు నడిపాక మళ్లీ చూడండి. మరలకు గ్రీజు రాయకండి. రెంచి అదే అంకె చూపినా స్టడ్డు మీద పడే లాగుడు చాలా పెరుగుతుంది. రిమ్ము రంధ్రాలు కోలగా అరిగి ఉంటే ఆ రిమ్మును పక్కన పడేయడమే.

స్టీరింగ్ ఒకవైపుకు లాగుతోంది, గతుకుల్లో చేతిని కొడుతోంది

లాగుతుంటే ముందు టైర్లు రెండింటినీ అటుదిటు మార్చి చూడండి. లాగే వైపు కూడా మారితే తప్పు టైరుది, మారకపోతే అలైన్‌మెంట్ చూపించండి. గతుకు తగిలినప్పుడల్లా స్టీరింగ్ చేతిలో ఎగురుతుంటే అది పైన చెప్పిన ఆఫ్‌సెట్ పాపమే. చక్రం బయటికి జరిగేకొద్దీ దెబ్బకు మీట పొడవు పెరుగుతుంది. బేరింగ్ మీద భారమూ పెరుగుతుంది. దీనికి రిమ్ము మార్చడం తప్ప మందు లేదు.

కుదుపు ఎక్కువ, టైరు నడుమ అరుగుతోంది

ఎక్కువ బరువు మోసే ఎల్‌టీ రకం టైర్ల మీద గాలి ఒత్తిడి గరిష్ఠంగా 80 పీఎస్‌ఐ అని రాసి ఉండవచ్చు. అది టైరు తట్టుకునే హద్దే గానీ మీరు పెట్టాల్సిన గాలి కాదు. టైరుకు అడ్డంగా సుద్దగీత గీసి చదునైన రోడ్డు మీద కాసేపు నేరుగా నడపండి. గీత నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, రెండు అంచుల్లోనే చెరిగితే తక్కువ. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె, లోడ్ ఇండెక్స్, కంపెనీ టైరుకంటే తగ్గకూడదు. 112 అంటే ఒక్కో టైరుకు 1,120 కిలోలు, 121 అంటే 1,450.

స్పీడోమీటర్ తప్పు చూపుతోంది, బండి నీరసంగా ఉంది

265/70 ఆర్ 17 (వెడల్పు మిల్లీమీటర్లలో, పక్కగోడ ఎత్తు వెడల్పులో శాతంగా, రిమ్ము అంగుళాల్లో) టైరు ఎత్తు 803 మిల్లీమీటర్లు, 285/70 ఆర్ 17 ది 831. తేడా మూడున్నర శాతం. స్పీడోమీటర్ సరిగ్గా చూపే బండిలో ఇక 100 కనబడితే మీ అసలు వేగం 103.5. దీనితో సర్దుకుపోవచ్చు. 35 అంగుళాల టైరు దాకా వెళితే తేడా 11 శాతం దాకా ఉంటుంది. అప్పుడు ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్ గేర్ల నిష్పత్తిని, ఉదాహరణకు 3.73 నుంచి 4.10కి, మార్చితే గానీ పాత ఊపు రాదు.

స్టెప్నీ

నాలుగు టైర్లు మార్చి అయిదోదాన్ని మరిచిపోతారు. చిన్న స్టెప్నీతో గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే ముందు వెనక ఇరుసులు వేర్వేరు వేగాలతో తిరిగి ట్రాన్స్‌ఫర్ కేసును (ఇంజిన్ శక్తిని రెండు ఇరుసులకూ పంచే గేర్ల పెట్టెను) నలిపేస్తాయి. మామూలుగా వెనక చక్రాలతో నడిచే ట్రక్కులో వెనక టైరు పంక్చరైతే, ముందుదాన్ని తీసి వెనకకు వేసి, చిన్న స్టెప్నీని ముందు పెట్టండి. టూ వీల్ డ్రైవ్‌లోనే నెమ్మదిగా పంక్చర్ షాపు దాకా వెళ్లండి.