బడి బస్సుకు తలుపు ఆర్డరు పెట్టేముందు జాగ్రత్తలు

జూన్‌లో బడులు తెరిచేలోపు తలుపు మార్పించదలచిన నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల బస్సు యజమానులు అడ్వాన్సు ఇచ్చేముందు వీటిని సరిచూసుకోవాలి.

• గాలితో పనిచేసే తలుపును ఎయిర్ బ్రేకులున్న బండికే కోరాలి; హైడ్రాలిక్ బ్రేకుల మినీబస్సులో సాధారణంగా కంప్రెసరు, గాలి ట్యాంకు ఉండవు కనుక, తెచ్చిన తలుపు షెడ్డులో మూలన పడుతుంది. అలాంటి మినీబస్సుకు కరెంటు మోటారు తలుపే తగినది. ఎయిర్ బ్రేకులున్నా, తలుపుకు గాలిని బ్రేకు ట్యాంకు నుంచి నేరుగా తీయకుండా ప్రొటెక్షన్ వాల్వు (ఒక లైనులో గాలి పోయినా మిగతా లైన్ల గాలిని కాపాడే వాల్వు) తరువాతి వేరే లైను నుంచి తీసుకుంటేనే, తలుపు గొట్టం పగిలిన రోజున బ్రేకులకు గాలి మిగులుతుంది. బ్రేకు లైనుకే టీ జాయింటు (మూడు దారుల అతుకు) వేస్తే చాలదా అని మెకానిక్ అన్నా ఒప్పుకోవద్దు.

• కరెంటు, గాలి రెండూ పోయినా లోపలి నుంచీ బయటి నుంచీ చేత్తో తెరిచే అత్యవసర మీట ఉండాలి. అది పిల్లలకు అందుతుందో లేదో చూడాలి.

• పెద్ద బస్సులు ఎక్కువగా 24 వోల్టులు, చిన్నవి 12 వోల్టులు. బండి వోల్టులకూ తలుపు మోటారు వోల్టులకూ తేడా వస్తే మోటారు కాలిపోవచ్చు.

• ఎత్తు, వెడల్పులతో పాటు మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవాలి, ఎందుకంటే పాత బాడీ ఫ్రేము ఒరిగి ఉంటే కొత్త తలుపు పట్టేస్తుంది.

• కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు తిరిగే బండ్లకు ఉప్పుగాలి వల్ల మామూలు ఇనుప కీళ్లు త్వరగా తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలువే అడగాలి.

• తలుపు అద్దం టఫెన్డ్ (గట్టిపరచిన) రకమై, దానిపై ఐఎస్ఐ గుర్తు ఉండాలి.