జెమ్5లో మల్టీకోర్: పీథ్రెడ్స్ ప్రోగ్రామ్ నడిపి, ఫాల్స్ షేరింగ్‌ని పట్టుకోవడం

జెమ్5 అంటే ప్రాసెసర్, క్యాష్, మెమరీ ఎలా పనిచేస్తాయో సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే సిమ్యులేటర్. పీథ్రెడ్స్ అంటే సీలో థ్రెడ్లు పుట్టించే లైబ్రరీ. ఫాల్స్ షేరింగ్ అంటే, వేర్వేరు కోర్లు వేర్వేరు డేటాని రాస్తున్నా అవి ఒకే క్యాష్ లైన్‌లో (క్యాష్ ఒకేసారి తెచ్చుకునే ముక్క, ఇక్కడ 64 బైట్లు) ఉండటంతో ఒకదాన్నొకటి అడ్డుకోవడం. జెమ్5ని రెండు రకాలుగా నడపొచ్చు. ఫుల్ సిస్టమ్ మోడ్‌లో లైనక్స్ కెర్నల్, డిస్క్ ఇమేజ్ ఇచ్చి మొత్తం మెషీన్‌ని బూట్ చేస్తాం. ఎస్ఈ (సిస్కాల్ ఎమ్యులేషన్) మోడ్‌లో కెర్నల్ ఉండదు. ప్రోగ్రామ్ అడిగే సిస్టమ్ కాల్స్‌కి సిమ్యులేటరే జవాబు చెబుతుంది. మొదటిసారైతే ఎస్ఈ చాలు. కాకపోతే కెర్నల్ లేదంటే, ఏ థ్రెడ్ ఏ కోర్‌లో నడవాలో చూసే షెడ్యూలర్ కూడా లేదని గుర్తుంచుకోవాలి. ఇక్కడొచ్చే తలనొప్పుల్లో చాలావాటికి మూలం అదే.

సోర్స్ తెచ్చుకున్నాక స్కాన్స్ అనే బిల్డ్ టూల్‌తో ఎక్స్86కి జెమ్5 డాట్ ఆప్ట్ బిల్డ్ చేయండి. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒకేసారి 8 జాబ్స్ పెడితే మెమరీ చాలక కంపైలర్ మధ్యలోనే ఆగిపోవచ్చు. 2 పెట్టి వదిలేయండి, ఆలస్యమైనా పూర్తవుతుంది.

ఇప్పుడు చిన్న సీ ప్రోగ్రామ్ రాయండి. నాలుగు థ్రెడ్లు, నాలుగు 8 బైట్ల కౌంటర్లు, అన్నీ ఒకే అర్రేలో పక్కపక్కన. ప్రతి థ్రెడ్ తన కౌంటర్‌ని మాత్రమే 1,00,000 సార్లు పెంచాలి. కౌంటర్‌కి వొలటైల్ తగిలించండి, లేకపోతే కంపైలర్ లూప్ మొత్తాన్నీ ఒక్క కూడికగా మార్చేస్తుంది, కొలవడానికి ఏమీ మిగలదు. అర్రేని 64 బైట్లకి అలైన్ చేస్తే నాలుగూ ఒకే క్యాష్ లైన్‌లో పడతాయి.

కంపైల్ చేసేటప్పుడు స్టాటిక్‌గా లింక్ చేయండి. లైనక్స్ సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ 2.34 కంటే పాతదైతే పీథ్రెడ్ లైబ్రరీని హోల్-ఆర్కైవ్ ఆప్షన్‌తో పూర్తిగా లాగాలి. వీక్ సింబల్స్ (దొరక్కపోయినా లింకర్ ఊరుకునే ఫంక్షన్ పేర్లు) ఖాళీగా మిగిలితే ప్రోగ్రామ్ సున్నా అడ్రస్‌కి దూకి సెగ్‌ఫాల్ట్ కొడుతుంది. 2.34 నుంచి పీథ్రెడ్స్ జీలిబ్‌సీలోనే కలిసిపోయాయి కాబట్టి ఆ బాధ లేదు.

నడపడానికి ఎస్ఈ డాట్ పై స్క్రిప్ట్ సరిపోతుంది. కొత్త వెర్షన్లలో అది కాన్ఫిగ్స్ కింద డెప్రికేటెడ్ ఫోల్డర్‌లో ఉంటుంది. సీపీయూ రకం టైమింగ్ సింపుల్ (మెమరీ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకునే మోడల్), క్యాషెస్, ఎల్2 క్యాష్ ఆప్షన్లు ఆన్. క్యాషెస్ మర్చిపోతే ప్రతి యాక్సెస్ నేరుగా మెమరీకే పోతుంది, ప్రయోగం వృథా.

కోర్లు ఎన్ని? నాలుగు కాదు, ఐదు. మిగతా థ్రెడ్లు ముగిసేదాకా జాయిన్ దగ్గర నిద్రపోతున్న మెయిన్ థ్రెడ్ కూడా ఒక కోర్‌ని పట్టుకునే ఉంటుంది. షెడ్యూలర్ లేదు కాబట్టి దాన్ని పక్కకి జరిపేవాళ్లు లేరు. నాలుగే ఇస్తే నాలుగో వర్కర్‌కి చోటుండదు, పీథ్రెడ్ క్రియేట్ ఫెయిలవుతుంది. దాని రిటర్న్ వాల్యూ చూడని ప్రోగ్రామ్ ఇంకెక్కడో కూలి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. జెమ్5తో వచ్చే థ్రెడ్స్ అనే టెస్ట్ ప్రోగ్రామ్ కూడా అందుకే కోర్ల సంఖ్యకి ఒకటి తక్కువ థ్రెడ్లు పుట్టించి, చివరి వాటాని మెయిన్‌లోనే చేస్తుంది.

పని పూర్తయ్యాక ఎం5అవుట్ ఫోల్డర్‌లో స్టాట్స్ ఫైల్ తెరవండి. సిమ్ టిక్స్ విలువలో ఒక టిక్ అంటే ఒక పికోసెకను. తర్వాత ఒక్కో సీపీయూ డీక్యాష్ (డేటా క్యాష్) కింద ఓవరాల్ మిసెస్, అంటే అడిగిన డేటా క్యాష్‌లో దొరకని సార్ల సంఖ్య, వెతకండి. కోర్లు 10 దాటాయంటే పేర్లు సీపీయూ00, సీపీయూ01 అని మారతాయి, గ్రెప్ చేసేవాళ్లు చూసుకోండి.

ఇప్పుడు ప్రతి కౌంటర్‌ని 64 బైట్ల స్ట్రక్చర్‌లో పెట్టి మళ్లీ నడపండి. ఇందాక ఒక కోర్ రాసినప్పుడల్లా మిగతా కోర్ల దగ్గరున్న కాపీలు చెల్లకుండా పోయి, లైన్ ఆ కోర్ నుంచి ఈ కోర్‌కి తిరుగుతూ ఉండేది. ఇప్పుడు ఎవరి లైన్ వాళ్లది. వర్కర్ కోర్లలో మిసెస్ పడిపోవాలి. పడలేదంటే వొలటైల్, అలైన్‌మెంట్ మళ్లీ చూడండి. థ్రెడ్లు పుట్టించే ఖర్చు లెక్కలో కలవకూడదంటే ఎం5 లైబ్రరీని లింక్ చేసి, లూప్‌కి ముందు రీసెట్ స్టాట్స్, తర్వాత డంప్ స్టాట్స్ పిలవండి.

సిమ్యులేటర్ మామూలుగా మీ మెషీన్‌లో ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది. అందులో కోర్లు పెంచేకొద్దీ నిదానిస్తుందే తప్ప వేగం పెరగదు. అందుకే ముందు మెమరీ ఆలస్యాన్ని అంత వివరంగా లెక్కించని అటామిక్ సింపుల్‌తో ప్రోగ్రామ్ సరిగ్గా ముగుస్తోందో చూసి, టైమింగ్‌కి మారి, అవుటాఫ్ ఆర్డర్ మోడల్ అయిన ఓ3ని చివరికి ఉంచుకోండి.

కోర్ల కంటే థ్రెడ్లు ఎక్కువ కావాలన్నా, షెడ్యూలింగ్ ప్రభావం చూడాలన్నా ఫుల్ సిస్టమే దిక్కు. బూట్ వరకు కేవీఎంతో (మీ మెషీన్ ప్రాసెసర్ మీదే నేరుగా నడిపే లైనక్స్ వర్చువలైజేషన్) లాగి, కొలిచే చోట టైమింగ్‌కి మార్చుకోండి. ఆర్మ్‌ని అలా బూట్ చేయాలంటే మాత్రం మీ చేతిలో ఉన్నది కూడా ఆర్మ్ మెషీనే అయ్యుండాలి.