పదహారు దగ్గర దొంగ శిఖరం

సిరిమానోత్సవానికి విజయనగరం వచ్చినా నా ధ్యాసంతా ల్యాప్‌టాప్ మీదే ఉంది. మా ప్రయోగశాలలో సెకనుకు 1,000 ఫెమ్టోసెకండ్ లేజర్ పల్సులను (అత్యంత స్వల్ప కాలపు కాంతి తునకలను) తిరిగే రాగి బిళ్లపై కేంద్రీకరించి ఎక్స్‌రేలు పుట్టిస్తాం. ఏ శక్తి ఎక్స్‌రేలు ఎన్ని వచ్చాయో చూపే వర్ణపటంలో రాగికి 8.05 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (శక్తి కొలమానం) దగ్గర శిఖరం రావాలి, వచ్చింది. దానితోపాటు 16.1 దగ్గర ఇంకొకటి! కొత్త విషయం కనిపెట్టానని రెండు రోజులు మురిసిపోయాను.

మూడు లాంతర్ల దగ్గర తోపులాటలో బారికేడ్ల సందులోంచి నేనూ మరొకాయనా ఒకేసారి బయటపడ్డప్పుడు వెలిగింది: 16.1 అంటే 8.05కు రెట్టింపే కదా! మామూలు ఎక్స్‌రే ట్యూబులో ఫోటాన్లు (ఎక్స్‌రే కాంతి కణాలు) విడివిడిగా వస్తుంటాయి. ఇక్కడ ప్రతి పల్సుకూ గుంపుగా వచ్చి పడతాయి. వాటి శక్తిని కొలిచే డిటెక్టర్ రెండింటిని కలిపి ఒకటిగా లెక్కిస్తోంది. సెకనుకు ఎన్ని అని చూసి మోసపోయాను. చూడాల్సింది పల్సుకు ఎన్ని అని.

తిరిగి వెళ్లాక, ఫోటాన్ల సంఖ్య తగ్గించడానికి మొదట అల్యూమినియం రేకు అడ్డుపెట్టాను. అది తెలివితక్కువ పని. తక్కువ శక్తి ఫోటాన్లనే ఎక్కువగా మింగి వర్ణపటాన్ని వంకర చేసింది. రేకు తీసేసి, సన్నరంధ్రం ఉన్న లోహపు పలక పెట్టి, డిటెక్టర్‌ను వెనక్కి జరిపాను. పది పల్సులకు ఒక ఫోటాన్ మించకుండా, అంటే సెకనుకు వందలోపు. దొంగ శిఖరం బాగా అణిగింది. కొలతకు మాత్రం ఇప్పుడు గంటలు పడుతోంది.