రూన్‌స్కేప్‌కి తిరిగి వస్తున్నారా? కోళ్ల జోలికి వెళ్లకండి

ఏళ్ల తర్వాత రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ గేమ్ తెరిచిన వాళ్లందరూ ఒకే పని చేస్తారు. లంబ్రిడ్జ్ కోట బయటికొచ్చి, వంతెన దాటి, కోళ్ల దొడ్లోకి దూరి, కంచు కత్తితో కోళ్లను కొట్టడం మొదలుపెడతారు. చిన్నప్పుడు అలాగే ఆడాం కదా అని. రెండు రోజులు కొట్టేసరికి ఎటాక్ లెవెల్ పదిహేనో ఇరవయ్యో అవుతుంది, బోర్ కొడుతుంది, ఫోన్‌లోంచి గేమ్ తీసేస్తారు. నా స్నేహితుల్లో సగం మంది కథ ఇదే.

నేను కాకినాడలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. రాత్రి పేపర్లు దిద్దడం అయ్యాక కాసేపు ఆడతాను. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు, వాడూ ఆడతాడు. ఒకప్పుడు నెట్ సెంటర్లో పక్కపక్క సిస్టమ్‌ల మీద ఆడినవాళ్లం. గేమ్ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, బ్రౌజర్‌లోనే నడిచేది, అందుకే మాలాంటి వాళ్లకు దొరికింది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ రోజుకు గంటో గంటన్నరో ఆడేవాళ్ల కోసం. రోజంతా ఆడేవాళ్ల లెక్కలు వేరు.

ముందుగా ఏ గేమ్‌లోకి వస్తున్నారో తేల్చుకోండి. మనం ఆడిన రూన్‌స్కేప్ ఇప్పుడు రెండు గేములుగా ఉంది. 2001లో మొదలై మారుతూ వచ్చినదాన్ని ఇప్పుడు రూన్‌స్కేప్ 3 అంటున్నారు. 2012 చివర్లో అందులో యుద్ధం చేసే పద్ధతే మార్చేశారు. చాలామందికి అది నచ్చలేదు. దాంతో జాగెక్స్ సంస్థ ఆటగాళ్ల ఓటు అడిగి, 2007 ఆగస్టు నాటి బ్యాకప్ తీసి, 2013 ఫిబ్రవరిలో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అని విడిగా పెట్టింది. మనం చిన్నప్పుడు చూసిన ఊళ్లు, బొమ్మలు, సంగీతం ఇందులోనే ఉంటాయి. అయితే అప్పుడు అందరూ సున్నా నుంచే మొదలుపెట్టారు. మీరు 2008లో పెంచిన క్యారెక్టర్ రూన్‌స్కేప్ 3 వైపే ఉండిపోయింది. పాత లాగిన్‌తో ఓల్డ్ స్కూల్‌లోకి వెళ్లి కొత్తవాళ్లు మొదలుపెట్టే ట్యుటోరియల్ ఐలాండ్ కనబడగానే 'నా అకౌంట్ పోయింది' అని కంగారు పడకండి. ఏదీ పోలేదు, అది వేరే ఇల్లు. నా సలహా అయితే ఓల్డ్ స్కూల్‌లో కొత్తగా మొదలుపెట్టమనే. ఎందుకో కింద లెక్కలో తెలుస్తుంది.

పాత అకౌంటే కావాలనుకుంటే, అది ఏ మెయిల్‌తో ముడిపడి ఉందో, ఆ మెయిల్ ఇంకా తెరుచుకుంటుందో లేదో ముందు చూసుకోండి. అప్పట్లో మనం రకరకాల మెయిల్ ఐడీలు పెట్టాం, వాటిలో కొన్ని ఇప్పుడు మన చేతిలో లేవు. లోపలికి వెళ్లగలిగితే వెంటనే దాన్ని జాగెక్స్ అకౌంట్‌గా మార్చుకుని, రెండంచెల భద్రత పెట్టుకోండి. గేమ్‌లో బ్యాంకు దగ్గర పిన్ కూడా పెట్టండి. ఈ మూడింటికీ కలిపి పది నిమిషాలు పడుతుంది.

కంప్యూటర్‌లో ఆడేవాళ్లు రూన్‌లైట్ అనే క్లయింట్ (గేమ్‌ను తెరిచే ప్రోగ్రామ్) వేసుకోండి. జాగెక్స్ అనుమతించినదే. అందులో క్వెస్టులకు, అంటే గేమ్ ఇచ్చే కథల పనులకు, దారి చూపే క్వెస్ట్ హెల్పర్ అని ఒక ప్లగిన్ ఉంది. ఎవరితో మాట్లాడాలి, ఏ తలుపు తెరవాలి, సంచిలో ఏముండాలి అన్నీ తెర మీదే చూపిస్తుంది. అది వాడితే ఆట మజా పోతుందని మా తమ్ముడి వాదన. 'అక్కా, నువ్వు ఆడుతున్నావా, జీపీఎస్ చూసి బండి నడుపుతున్నావా?' అంటాడు. వాడికి పెళ్లి కాలేదు, టైముంది. మీకు లేకపోతే నిరభ్యంతరంగా వాడండి.

మన దగ్గర నుంచి ఆడితే ల్యాగ్ వస్తుందేమోనన్న భయం కొందరికి. ఈ గేమ్ ప్రతి పనినీ 0.6 సెకన్ల టిక్‌లుగా లెక్కపెడుతుంది. మీ పింగ్ (సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయం) 150, 200 మిల్లీసెకన్లు ఉన్నా అది ఒక టిక్‌లోపే ఇమిడిపోతుంది. పెద్ద బాస్‌ల దగ్గర తప్ప తేడా తెలియదు. రూన్‌లైట్‌లో వరల్డ్‌ల (సర్వర్ల) జాబితా తెరిస్తే ఒక్కోదాని పింగ్ కనిపిస్తుంది, తక్కువున్నది ఎంచుకోండి.

ఇప్పుడు అసలు లెక్క.

లెవెల్ 1 నుంచి 2కి 83 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) చాలు. 30కి చేరడానికి మొత్తం 13,363. 60కి 2,73,742. చివరి లెవెల్ అయిన 99కి 1,30,34,431. దాదాపు ప్రతి ఏడు లెవెళ్లకు కావలసిన ఎక్స్‌పీ రెట్టింపు అవుతూ పోతుంది, చక్రవడ్డీలాగే. అందుకే 92 దగ్గర ఉన్నవాడు 99కి సరిగ్గా సగం దూరంలో ఉన్నట్టు. క్లాసులో ఎక్స్‌పొనెన్షియల్ ఫంక్షన్ చెప్పేటప్పుడు ఈ పట్టికే బోర్డు మీద వేస్తాను, పేరు మాత్రం చెప్పను.

క్వెస్ట్ ఇచ్చే ఎక్స్‌పీ మాత్రం ఎప్పుడు చేసినా అంతే. వాటర్‌ఫాల్ క్వెస్ట్ ఎటాక్‌లో 13,750, స్ట్రెంగ్త్‌లో 13,750 ఇస్తుంది. లెవెల్ 1 మీద చేస్తే రెండూ ఒక్కసారిగా 30కి ఎగిరిపోతాయి. అదే 60 మీద చేస్తే? 60 నుంచి 61కి 28,546 కావాలి, అంటే సగం లెవెల్ కూడా రాదు. అంతే పని, అంతే బహుమతి, విలువ మాత్రం నేలకు ఆకాశానికి ఉన్నంత తేడా. కోళ్లను కొట్టి 30కి చేరినవాళ్లు ఆ క్వెస్ట్‌ను వృథా చేసుకున్నట్టే. కొత్త క్యారెక్టర్ మొదలుపెట్టమన్నది ఇందుకే: లెవెల్ 1 దగ్గర ఉండటమే పెద్ద ఆస్తి.

వాటర్‌ఫాల్ క్వెస్ట్‌కు మెంబర్‌షిప్ (డబ్బు కట్టే చందా) కావాలి. ఒక్క నెల తీసుకుని చూడండి, నచ్చకపోతే ఆపేయండి. ఫ్రీగానే ఆడతానంటే కింద చెప్పిన వాటిలో ఇంప్ క్యాచర్, డోరిక్స్ క్వెస్ట్, నైట్స్ స్వోర్డ్ మీకు పనికొస్తాయి.

వాటర్‌ఫాల్ క్వెస్ట్‌కు ఏ లెవెలూ అక్కర్లేదు. ఎవరినీ చంపక్కర్లేదు కూడా, పరిగెత్తితే చాలు. గేమ్స్ నెక్లెస్ ఉంటే బార్బేరియన్ ఔట్‌పోస్ట్‌కి టెలిపోర్ట్ అయి, అక్కడి నుంచి జలపాతం పక్కన ఉన్న అల్మెరా ఇంటికి నడిచి వెళ్లండి. తాడు ఒకటి, ఎయిర్, వాటర్, ఎర్త్ రూన్లు (మంత్రాలకు వాడే రాళ్లు) ఆరేసి, మిగతా సంచి నిండా తిండి. గ్లేరియల్ సమాధిలోకి కత్తి, కవచం, రూన్లు ఏవీ తీసుకెళ్లనివ్వదు, కాబట్టి ముందే బ్యాంకులో పెట్టెయ్యండి. లోపల మాస్ జెయింట్‌లు ఉంటాయి, ఆగకుండా పెట్టె దగ్గరికి పోయి కావలసింది తీసుకుని వచ్చేయండి. అసలు భయం ఆఖర్లో. జలపాతం లోపల లెవెల్ 86 ఫైర్ జెయింట్‌లు. మీ ప్రాణం పది పాయింట్లు. ఒకటి రెండు దెబ్బలకే గుండె ఆగినంత పనవుతుంది. తలుపు దాటగానే తినండి, మళ్లీ పరుగు. ఒకవేళ చనిపోతే మీ వస్తువులు సమాధి రాయి దగ్గర 15 నిమిషాలు ఉంటాయి, టెన్షన్ పడకుండా వెనక్కి వెళ్లి తెచ్చుకోవచ్చు.

తర్వాత విచెస్ హౌస్. హిట్‌పాయింట్స్‌లో (ప్రాణంలో) 6,325 వస్తుంది, పది నుంచి 24కి వెళతారు. చివర్లో రూపం మార్చుకుంటూ నాలుగుసార్లు లేచే జంతువు ఒకటుంది, దాన్ని దూరం నుంచి కొట్టండి. ఆ తర్వాత ఫైట్ ఎరీనా, ట్రీ నోమ్ విలేజ్. ఇక్కడే నాకు బాగా నచ్చిన కూడిక ఉంది: ఎటాక్‌లో వాటర్‌ఫాల్ 13,750, ఫైట్ ఎరీనా 12,175, ట్రీ నోమ్ విలేజ్ 11,450. మూడూ కలిపితే 37,375. లెవెల్ 40కి కావలసింది 37,224. అంటే ఎటాక్ స్కిల్‌ను విడిగా ఒక్క దెబ్బ ట్రైన్ చెయ్యకుండా రూన్ సిమిటార్ అనే వంపు కత్తి పట్టుకునే లెవెల్‌కి వచ్చేస్తారు.

ఫైట్ ఎరీనా, ట్రీ నోమ్ విలేజ్ క్వెస్టుల్లో మాత్రం మీకంటే చాలా పెద్ద శత్రువులు ఎదురవుతారు, ఒక ఖజార్డ్ సేనానిది లెవెల్ 112. ఎదురుగా నిలబడితే నిలవలేరు. కంచె వెనకో, రాయి వెనకో నిలబడి మ్యాజిక్‌తో కొట్టాలి. వాడు మిమ్మల్ని చేరలేడు, మీ మంత్రం వాణ్ని చేరుతుంది. దీన్నే సేఫ్‌స్పాట్ అంటారు. ఫైర్ స్ట్రైక్‌కు మ్యాజిక్ 13 కావాలి. ఇంప్ క్యాచర్ క్వెస్ట్ చేస్తే 875 వచ్చి నేరుగా 8కి చేరతారు, మిగిలింది అరగంట పని.

మైనింగ్, స్మితింగ్‌లకూ ఇలాంటి జత ఉంది. డోరిక్స్ క్వెస్ట్‌లో మరుగుజ్జు డోరిక్‌కి ఆరు క్లే, నాలుగు కాపర్ ఓర్, రెండు ఐరన్ ఓర్ ఇస్తే 1,300 మైనింగ్ ఎక్స్‌పీ ఇస్తాడు. లెవెల్ 10కి 1,154 చాలు. నైట్స్ స్వోర్డ్ క్వెస్ట్‌లో బ్లూరైట్ ఓర్ తవ్వడానికి సరిగ్గా మైనింగ్ 10 కావాలి. అది పూర్తి చేస్తే స్మితింగ్‌లో 12,725 వచ్చి, లెవెల్ 1 నుంచి 29. చేత్తో కంచు బాకులు సాగగొట్టే పని మొత్తం తప్పిపోయింది. ఈ క్వెస్ట్‌లో ఫాలడోర్ కోటలో సర్ వైవిన్ అటు తిరిగినప్పుడు అతని అల్మారా లోంచి బొమ్మ కొట్టేయాలి, అది నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. మంచు గుహలో మాత్రం నవ్వు రాదు, లెవెల్ 50 దాటిన ఐస్ జెయింట్‌లు, ఐస్ వారియర్లు వెంటపడతారు. మళ్లీ అదే మంత్రం: తిను, పరిగెత్తు, తవ్వు, టెలిపోర్ట్.

మెంబర్లు వారక్ మ్యూజియంలో నేచురల్ హిస్టరీ క్విజ్ కూడా రాసేయండి. కూర్చుని జవాబులు చెబితే స్లేయర్ స్కిల్‌లో వెయ్యి, హంటర్ స్కిల్‌లో వెయ్యి ఎక్స్‌పీ వచ్చి, రెండూ 9కి చేరతాయి. హంటర్ 9 ఎందుకంటే, ముందు ముందు బోన్ వాయేజ్ క్వెస్ట్ చేసి ఫాసిల్ ఐలాండ్‌కు వెళ్లాక పక్షి గూళ్లు పెట్టుకోవచ్చు. నాలుగు గూళ్లు పెట్టి, చవక గింజలు పోసి వదిలేస్తే యాభై నిమిషాలకు నిండుతాయి. ఈలోపు మీరు గేమ్‌లో ఉండక్కర్లేదు. బియ్యం కడిగి కుక్కర్ పెట్టేలోపు ఫోన్‌లో ఒక రౌండ్ వేసి వచ్చేస్తాను. ఉద్యోగస్తులకు ఇంతకంటే అనువైన ట్రైనింగ్ ఈ గేమ్‌లో నాకు కనబడలేదు.

క్వెస్టుల పుణ్యాన ఎటాక్ 40, స్ట్రెంగ్త్ 30 దగ్గర ఉన్నారనుకుందాం. ఇప్పుడు కత్తి తియ్యండి. పోర్ట్ సరిమ్‌లో వియోస్ పడవెక్కి కోరెండ్‌కి వెళ్లి, హొసీడియస్ దక్షిణ తీరంలో సాండ్ క్రాబ్‌ల దగ్గర నిలబడండి. దూరం నుంచి ఇసుక రాళ్లలా ఉంటాయి, దగ్గరికెళితే లేచి మీద పడతాయి. ఒక్కోదానికి ప్రాణం 60, కొట్టే దెబ్బ మాత్రం ఒకటే. కొట్టిన ప్రతి పాయింట్‌కు 4 ఎక్స్‌పీ. అవి వాటంతట అవే పది నిమిషాల పాటు మీద పడుతుంటాయి, ఆ తర్వాత పట్టించుకోవడం మానేస్తాయి. కాస్త దూరం పరిగెత్తి తిరిగొస్తే మళ్లీ మొదలు. ఒక చేత్తో పేపర్లు దిద్దుతూ ఆడే ఆట ఇది. కాంబాట్ ట్యాబ్‌లో అగ్రెసివ్ అని ఎంచుకుంటే స్ట్రెంగ్త్ పెరుగుతుంది, ముందు అదే పెంచండి. ఒక్క దెబ్బకు పడే గరిష్ఠ నష్టం పెరిగితే తర్వాతి ట్రైనింగ్ అంతా వేగంగా సాగుతుంది. డిఫెన్స్ తర్వాత చూసుకోవచ్చు.

ఎజిలిటీ అనే స్కిల్ విసుగే, దాచి లాభం లేదు. ఇళ్ల కప్పుల మీద గుండ్రంగా పరిగెత్తడమే పని. అయినా 40 దాటాక కనిఫిస్‌లో తిరిగి అక్కడ దొరికే మార్క్స్ ఆఫ్ గ్రేస్ 260 పోగేస్తే గ్రేస్‌ఫుల్ బట్టలు మొత్తం వస్తాయి. పరుగు శక్తి త్వరగా తిరిగి నిండుతుంది. క్వెస్టులన్నీ నడకే కాబట్టి ఇది ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. రోజూ ఇరవై నిమిషాలు చాలు, ఒకే రోజు కూర్చుంటే గేమ్ మీదే విరక్తి పుడుతుంది.

డబ్బు విషయం రెండు ముక్కల్లో. గ్రాండ్ ఎక్స్ఛేంజ్ (గేమ్‌లోని పెద్ద బజారు) దగ్గర 'మీ డబ్బు రెట్టింపు చేసి ఇస్తా' అని అరిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ముందు చిన్న మొత్తం నిజంగానే రెట్టింపు చేసి ఇస్తారు, పెద్ద మొత్తం ఇవ్వగానే మాయం. ఎవరైనా వైల్డర్నెస్‌లోకి (ఇతర ఆటగాళ్లు మిమ్మల్ని చంపగలిగే ప్రాంతం) రమ్మని పిలిస్తే వెళ్లకండి. బయట రూపాయలిచ్చి గోల్డ్ కొనడం, లెవెల్ పెంచిపెట్టమని అకౌంట్ ఇంకొకరి చేతిలో పెట్టడం రెండూ నిబంధనలకు విరుద్ధం, బ్యాన్ పడుతుంది. మెంబర్‌షిప్‌కు డబ్బులు పెట్టలేకపోతే గేమ్‌లో సంపాదించిన నాణేలతో బాండ్ కొనొచ్చు, ఒక బాండ్‌కు 14 రోజులు. కానీ మొదటి నెల ఆ గొడవ పెట్టుకోకండి, బాండ్ కోసం సంపాదించడమే సరిపోతుంది, ఆడటానికి ఏమీ మిగలదు.

ఎటాక్ అరవైకి దగ్గరయ్యాక డ్రాగన్ సిమిటార్ మీద మనసు పోతుంది. దానికి మంకీ మ్యాడ్‌నెస్ పూర్తి చేయాలి, దానికంటే ముందు ట్రీ నోమ్ విలేజ్, గ్రాండ్ ట్రీ. మొదటిది ఎటూ చేసేశారు. గ్రాండ్ ట్రీకి ఎజిలిటీ 25 కావాలి, కప్పుల మీద పరుగులు ఇక్కడ అక్కరకొస్తాయి. అది ఇంకో 18,400 ఎటాక్ ఎక్స్‌పీ ఇస్తుంది. కోతుల దీవికి వెళ్లేటప్పుడు తిండితో పాటు యాంటీపాయిజన్ తీసుకెళ్లండి. అక్కడి విలుకాడి కోతులు విషపు బాణాలు వేస్తాయి.